పోయాక అడిగిన తొమ్మిది ప్రశ్నలు

పిల్లవాడికి ఒళ్ళు వెచ్చబడితే తల్లి చేసే మొదటి పని మందు వెతకడం కాదు, ప్రశ్నలు వెయ్యడం. ఎప్పట్నించిరా యిలా వుంది? నిన్న ఏం తిన్నావు? ఎండలో ఏం చేశావు? ఎవరికైనా చెప్పావా? చెబితే వాళ్ళేమన్నారు? ఈ ప్రశ్నలు మనకి ఏ వైద్య కళాశాలా నేర్పలేదు. అమ్మ అడుగుతుంటే విన్నాం. మనం అడుగుతున్నాం. రేపు మన కోడళ్ళు అడుగుతారు. డాక్టరుగారి దగ్గరికి వెళ్ళినా ఆయన స్టెతస్కోపు చెవులకి తగిలించుకునేలోగా అడిగేవి యివే.

సరిగ్గా యిలాంటి ప్రశ్నలే ఒక చట్టంలో కనిపిస్తే ఆశ్చర్యంగా వుండదూ? అదీ తెల్లదొరల కాలంనాటి జైళ్ళ చట్టంలో! 1894లో చేసిన ఆ చట్టంలో పదిహేనో సెక్షన్ చూడండి. జైల్లో ఖైదీ ఎవరైనా చనిపోతే జైలు డాక్టరు వెంటనే ఒక రిజిస్టరులో కొన్ని సంగతులు రాయాలి. మనిషి మొదట జబ్బని చెప్పింది ఏ రోజు? ఆ రోజు అతనిచేత ఏ పని చేయిస్తున్నారు? ఆ రోజు అతనికి పెట్టిన తిండి ఎంత? ఆసుపత్రిలో చేర్చింది ఎప్పుడు? డాక్టరుకి కబురు అందింది ఎప్పుడు? జబ్బేమిటి? డాక్టరుగాని, అతని కిందివాడుగాని ఆఖరుసారి చూసింది ఎప్పుడు? ప్రాణం పోయింది ఎప్పుడు? శవాన్ని కోసి చూస్తే ఏం కనిపించింది? మొత్తం తొమ్మిది.

చివరి రెండూ తీసేస్తే తక్కినవన్నీ అమ్మ ప్రశ్నలే. ఒక్కటే తేడా. అమ్మ మనిషి వుండగా అడుగుతుంది. చట్టం మనిషి పోయాక అడిగింది. ఆ తేడా ఎక్కణ్ణించి వచ్చిందో చూద్దామని యీ నాలుగు మాటలు.

నేనుండేది ఖానాపూర్‌లో. గోదావరి దాపున, అడవి అంచున వున్న వూరు. చాలాకాలం ఆదిలాబాద్ జిల్లా, 2016లో జిల్లాలు విడదీశాక నిర్మల్ జిల్లా. మా దిక్కున సర్కారు వేసిన శిక్ష అంటే ముందు గుర్తొచ్చేది జైలు గోడ కాదు, నిర్మల్‌లోని మర్రిచెట్టు. గోండు వీరుడు రాంజీ గోండు ఇంగ్లీషువాళ్ళ మీదా, నిజాం సర్కారు మీదా తిరగబడితే 1860లో అతన్నీ, అతనితోపాటు వెయ్యిమందినీ ఆ మర్రికొమ్మలకి వురి తీశారని చెప్పుకుంటారు. వెయ్యి ఉరుల మర్రి అనే దాని పేరు. నిర్మల్ బొమ్మలు కొనడానికి వెళ్ళినవాళ్ళు ఆ పేరు కూడా విని వుంటారు.

మర్రికొమ్మకి డాక్టరుతో పని లేదు. జైలుకి మాత్రం వుంది. ఎందుకంటే జైలు శిక్ష అనేదానికి ఒక కొలత వుంటుంది. కోర్టువారు మూడేళ్ళు అన్నారంటే మూడేళ్ళే. ఆ మనిషి ఆర్నెల్లకే రక్త విరేచనాలతో పోయాడంటే కోర్టు వెయ్యని మరణశిక్ష జైలు వేసినట్టే గదా? శిక్షని దాని కొలత దాటకుండా నిలబెట్టవలసినవాడు జడ్జీ కాదు, జైలరూ కాదు, డాక్టరు. ఇంత బరువు ఆయన మీద వుంది. మరి ఆ బరువు మొయ్యడానికి మనుషులున్నారా, వున్నవాళ్ళని మొయ్యనిచ్చారా అన్నదే అసలు కథ.

కథ వంటింటి దగ్గర మొదలవుతుంది. మన కథలన్నీ అక్కడే గదా మొదలయ్యేది!

కుంఫిణీ ప్రభుత్వం తొలిరోజుల్లో చాలాచోట్ల ఖైదీలకి వండి పెట్టేది కాదు. రోజుకిన్ని పైసలని చేతిలో పెట్టేది. ఎవరి దినుసులు వాళ్ళు కొనుక్కోవడం, ఎవరి పొయ్యి వాళ్ళు రాజేసుకోవడం. జైలంటే కార్తీకమాసం వనభోజనంలా పొగలే పొగలు. మెకాలే దొర కూడా సభ్యుడిగా వున్న జైళ్ళ కమిటీ 1838లో నివేదిక యిచ్చింది. జైలంటే మనిషికి విసుగు పుట్టాలి, పని మొద్దుపనిగా వుండాలి, సుఖమన్నది కనిపించకూడదు అన్నది దాని సారాంశం. దాంతో విడి పొయ్యిలు పోయి, అందరికీ కలిపి ఒకే వంటశాల వచ్చింది. ఎవరు వండారో తెలియని కూడు తినమనేసరికి బీహారు జైళ్ళలో అల్లర్లు రేగాయి.

1855లో యింకో ముచ్చట. అర్రా, ముజఫర్‌పూర్ జైళ్ళలో ఖైదీల దగ్గరున్న యిత్తడి చెంబులు లాక్కుని మట్టి పాత్రలు యిచ్చారు. ఇత్తడి చెంబుతో కాపలావాళ్ళ తల పగలగొడతారని దొరల భయం. ఇత్తడి చెంబు మైలపడితే చింతపండు వేసి తోముకుంటే సరి, మట్టి పాత్ర ఒకసారి మైలపడిందంటే పారెయ్యడమే. ఈ సంగతి మన అమ్మమ్మలనడిగితే ఒక్క ముక్కలో చెప్పేవారు. దొరలు అడగలేదు. జైలు లోపల గోల, ముజఫర్‌పూర్‌లో అయితే బయట రైతులు కూడా పోగయ్యారు. ఆఖరికి చెంబులు తిరిగిచ్చేశారు. జైల్లో మనిషి ఆరోగ్యమంటే మందు సీసా ఒక్కటే కాదనీ, ఏ చెంబుతో నీళ్ళు తాగుతాడన్నది కూడా అందులోకే వస్తుందనీ అప్పుడే తెలిసి వుండాలి.

అల్లర్ల సంగతి అలా వుంచండి. చావుల లెక్క అంతకంటే పెద్దది. 1864లో రెండో కమిటీ కూర్చుని వెనక్కి తిరిగి చూసుకుంటే పదేళ్ళలో దేశంలోని జైళ్ళలో పోయిన ఖైదీలు 46 వేలకు పైగా తేలారు. కలరా, విరేచనాలు, చలిజ్వరం, వీటికి తోడు కిక్కిరిసిన గదులు. అప్పుడు ఆ కమిటీ ప్రతి ఖైదీకీ పడుకునేచోట కనీసం 54 చదరపు అడుగులు వుండాలని చెప్పింది. అంటే మన పాతకాలపు యిళ్ళలో పూజగది అంత. మనిషికి గాలి కావాలని అడుగుల్లో కొలిచి చెప్పడానికి అన్ని వేల చావులు కావలసి వచ్చాయి.

అప్పుడు డాక్టర్లు లేరా అంటే, వున్నారు. జిల్లాకి ఒక సివిల్ సర్జను వుండేవాడు. ఆయన ఇండియన్ మెడికల్ సర్వీసు అనే కొలువులోంచి వచ్చినవాడు. అది సైన్యం కోసం పుట్టిన కొలువు. యుద్ధమొస్తే ఆ సర్జన్ని జిల్లాలోంచి పిలిపించుకోవచ్చు. జిల్లా ఆసుపత్రి ఆయనదే, దొరల కుటుంబాలకి వైద్యం ఆయనదే, పోలీసులు పంపిన శవాల పరీక్ష ఆయనదే. వీటన్నిటితోపాటు జైలూ ఆయనదే. పొద్దున్నే ఒక చుట్టు చుట్టి, వరసగా నిలబెట్టినవాళ్ళని చూసి, సంతకాలు పెట్టి వెళ్ళేవాడు. పండగనాడు పది యిళ్ళకి మాటిచ్చిన పురోహితుడి పరిస్థితి అనుకోండి.

బెంగాలు వైపు చాలా జిల్లాల్లో ఆ సర్జనే జైలు సూపరింటెండెంటు కూడా. అక్కడి జైళ్ళన్నిటి మీదా 1855 నుంచి 1870 దాకా అధికారం చేసిన ఫ్రెడరిక్ మోయట్ స్వయానా డాక్టరు. కలకత్తా వైద్య కళాశాల వ్యవహారాలు చూసినవాడు. ఖైదీల శ్రమతోనే జైలు ఖర్చు గడవాలని ఆయన పట్టుదల, అందుకని జైళ్ళని కార్ఖానాలు చేశాడు. 1857 తిరుగుబాటు తరవాత ఖైదీల కోసం అండమాన్‌లో చోటు చూసి వచ్చిన కమిటీకి పెద్ద కూడా ఆయనే. 1858లో అక్కడికి మొదటి సూపరింటెండెంటుగా వెళ్ళిన వాకర్ కూడా డాక్టరే. రోగిని చూడవలసిన కన్నూ, ఖైదీని కాపలా కాయవలసిన కన్నూ ఒకే ముఖం మీద పెట్టారన్నమాట.

1894 చట్టం యీ సంగతి దాచుకోలేదు. మెడికల్ ఆఫీసరే సూపరింటెండెంటు కూడా కావచ్చునని తెల్ల కాగితం మీద నల్ల సిరాతో రాసేసింది. అంటే గానుగ తిప్పమని చెప్పేవాడూ ఆయనే, తిప్పలేనంటే నిజంగా జబ్బా, వేషమా అని తేల్చేవాడూ ఆయనే. అత్తగారే డాక్టరమ్మ కూడా అయిన యింటిని ఒక్కసారి వూహించుకోండి! నడుం నొప్పి అని ఏ కోడలు నోరు తెరుస్తుంది?

ఇక రాత్రింబగళ్ళు జైల్లో వుండే వైద్యుడు వేరు. చట్టం అతన్ని మెడికల్ సబార్డినేట్ అంది. మొదట హాస్పిటల్ అసిస్టెంటు అనేవారు, తరవాత సబ్ అసిస్టెంట్ సర్జన్ అన్నారు. ఖైదీలకి మాత్రం డాక్టరంటే అతనే. మన దేశస్థుడే. వైద్య పాఠశాలలో కొన్నేళ్ళు చదివి వచ్చినవాడు. జీతం కొంచెం, బాధ్యత కొండంత. పైనున్న దొర ముందు చేతులు కట్టుకోవాలి, కిందనున్న వార్డర్లతో తగువు పెట్టుకోకూడదు. అర్ధరాత్రి కలరా తగిలితే లేపేది యితన్నే. మరి ఆసుపత్రిలో పడుకున్నవాడికి గంజి పట్టేదెవరు, పక్కబట్టలు మార్చేదెవరు, ఒళ్ళు తుడిచేదెవరు? నర్సులా? తోటి ఖైదీలే. దొంగతనానికో దొమ్మీకో వచ్చినవాడు పక్క మంచం మీది మనిషికి నోట్లో నీళ్ళు పోశాడు. చరిత్ర పుస్తకాల్లో సర్జన్ల పేర్లున్నాయి, ఆ గంజి పట్టినవాళ్ళ పేర్లు లేవు. మనకి యిది కొత్త కాదు. ఏ యింటి చరిత్రలో మాత్రం గంజి పట్టినవాళ్ళ పేర్లు వున్నాయి?

ఖైదీకి జబ్బు చేస్తే ఆ కబురు డాక్టరుకి ఎలా చేరాలో కూడా చట్టం చెప్పింది. ఖైదీ తన మీద వున్న కాపలా మనిషికి చెప్పాలి. అతను జైలరుకి చెప్పాలి. జైలరు ఆలస్యం చెయ్యకుండా వైద్య సహాయకుడికి చెప్పాలి. కాగితం మీద బాగానే వుంది. కానీ నిండుకడవ చేతులు మారినకొద్దీ నీళ్ళు తొణుకుతాయి. మొదటి మనిషికి దయ లేకపోతే కబురు అక్కడే ఆగిపోతుంది. తొమ్మిది ప్రశ్నల్లో మొదటిదానికీ అయిదోదానికీ మధ్య, అంటే మనిషి జబ్బన్న రోజుకీ డాక్టరు విన్న రోజుకీ మధ్య, ఎన్నాళ్ళు గడిచాయో రాయమన్నారంటే అక్కడ ఎడం పడుతుందని చట్టం రాసినవాళ్ళకీ తెలుసన్నమాట.

మంచి చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆ చట్టంలో మెచ్చుకోవలసినవి చాలా వున్నాయి. పని చేసే ప్రతి ఖైదీ బరువూ పదిహేను రోజులకొకసారి తూచి అతని చీటీ మీద రాయాలి. ఒక పని వల్ల ఒళ్ళు చెడుతోందని డాక్టరంటే ఆ పని మాన్పించాలి. ప్రాణం మీదికి వచ్చిన జబ్బుతో వున్నవాణ్ణి గడువు తీరింది పొమ్మని అతని యిష్టం లేకుండా గెంటకూడదు. ప్రతి జైల్లోనూ ఆసుపత్రిగాని, రోగులకి తగిన చోటుగాని వుండాలి. రోజుకి తొమ్మిది గంటలకి మించి పని చేయించకూడదు. ఈ చివరిది చదివి నేను నవ్వుకున్నాను. వంటింటికి యిలాంటి సెక్షన్ యింతవరకూ ఎవరూ రాయలేదు!

కానీ ఆ చట్టమే డాక్టరు చేతిలో యింకో కాగితం కూడా పెట్టింది. ఖైదీకి కొరడాదెబ్బల శిక్ష వేస్తే, 30 దెబ్బల దాకా వెయ్యొచ్చు, వాటిని తట్టుకోగలడో లేడో ముందుగా డాక్టరు రాసివ్వాలి. కొట్టేటప్పుడు డాక్టరుగాని సహాయకుడుగాని పక్కన నిలబడి వుండాలి. ఆడవాళ్ళకి మాత్రం కొరడా, బేడీలు వుండవని మినహాయింపు యిచ్చారు. ఆలోచించి చూడండి. నాడి పట్టుకున్న ఆ చెయ్యి జ్వరం చూడ్డానికి పట్టుకుందా, దెబ్బలకి పనికొస్తాడా అని చూడ్డానికి పట్టుకుందా? ఖైదీకెలా తెలుస్తుంది? తెలియనప్పుడు రేపు నిజంగా జ్వరమొస్తే ఆ డాక్టరుకి ఏం చెప్పుకుంటాడు?

అలాగని అందరూ ఒక తీరు కాదు. మద్రాసు రాజధానిలో కార్నిష్ అనే డాక్టరుండేవాడు. జిల్లా జైళ్ళలో ఖైదీలు ఏం తింటున్నారు, బయట జనం ఏం తింటున్నారు అని లెక్కలు కట్టి 1863లో ఒక నివేదిక అచ్చు వేయించాడు. బియ్యం ఎంత, రాగులు ఎంత, పప్పు ఎంత, మనిషి నిలబడాలంటే ఎంత కావాలి అన్నీ అందులో వున్నాయి. అప్పటికి అది జైలు కోసం వేసిన లెక్క. పద్నాలుగేళ్ళకి అది జైలు బయటివాళ్ళకి పనికొచ్చింది.

1876లో మొదలైన కరువు తెలుసుగదా. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోయాయి. సర్కారు కరువు పనులు పెట్టింది. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే పెద్ద దొర వచ్చి, ఖజానా ఖర్చు తగ్గించాలని, రోజంతా మన్ను మోసే మనిషికి కూలి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, ఆ పైన ఒక అణా చాలునన్నాడు. అప్పటికి శానిటరీ కమిషనరుగా వున్న కార్నిష్ వూరుకోలేదు. ఇంత తిండితో యింత పని చేస్తే మనిషి నిలవడు అని పై అధికారితో కాగితాల యుద్ధానికి దిగాడు. శరీరం ఏం అడుగుతుందో జైళ్ళలో లెక్క కట్టిన మనిషి ఆయన. టెంపుల్ దగ్గర ఖజానా లెక్క వుంది, యీయన దగ్గర కడుపు లెక్క వుంది. కొన్ని నెలలకి మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. అప్పటికే చాలామంది పోయారు, అయినా తక్కినవాళ్ళకి అది ప్రాణం పోసింది. కరువులో ఆకలికి తాళలేక చిన్న చిన్న దొంగతనాలు చేసి జైలుకి వచ్చి పడినవాళ్ళతో అప్పటి జైళ్ళు నిండిపోయాయి. అక్కడికి వచ్చేసరికే ఎముకల గూళ్ళు, చాలామంది జైల్లోనే పోయారు.

జైలు తిండి బయటివాళ్ళకి పాఠమైన కథ యింకొకటి వుంది. జరిగింది దూరాన జావా ద్వీపంలోగాని, జబ్బు మాత్రం మన సర్కారు జిల్లాలకి బాగా తెలిసిందే. బెరిబెరి. కాళ్ళు వాచి, తిమ్మిరెక్కి, గుండె ఆగిపోయే జబ్బు. బందరు నుంచి గంజాం దాకా సముద్రతీరాన యిది ఎంతగా వుండేదంటే, మాల్కంసన్ అనే మద్రాసు సైన్యం డాక్టరు 1835లోనే దీని మీద ఒక పుస్తకం రాశాడు. కారణం మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు.

డచ్చివాళ్ళ జావాలో ఐక్‌మన్ అనే డాక్టరు కోళ్ళని పెంచుతూ ఒక వింత చూశాడు. కోళ్ళకి బెరిబెరి లాంటి జబ్బు వచ్చింది, కొన్నాళ్ళకి దానంతటదే పోయింది. ఆరా తీస్తే, జబ్బు వచ్చిన రోజుల్లో వాటికి ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లన్నం పెట్టారు. కొత్త వంటవాడు వచ్చి, మిలిటరీ బియ్యం సివిలు కోళ్ళకి యివ్వనని భీష్మించాడు. దాంతో ముతక బియ్యం వెయ్యవలసి వచ్చింది, కోళ్ళు లేచి తిరిగాయి! ఆ వంటవాడి పిసినారితనానికి లోకం ఎంతో రుణపడి వుంది. కోళ్ళ సంగతి మనుషులకి వర్తిస్తుందా అని వోర్డర్‌మన్ అనే యింకో డాక్టరు జావాలోని 101 జైళ్ళ లెక్కలు తీశాడు. బాగా పాలిష్ పట్టిన తెల్ల బియ్యం పెట్టే జైళ్ళలో 39 మందికి ఒకరికి బెరిబెరి. తవుడు వుంచిన బియ్యం పెట్టేచోట పదివేలమందికి ఒకరు. ఐక్‌మన్‌కి 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. మన అత్తగార్లు రోకలితో దంచిన దంపుడు బియ్యానికి శాస్త్రం చేత సాక్ష్యం చెప్పించింది ఆ ఖైదీలు. ఏ బహుమతిలోనూ వాళ్ళకి వాటా రాలేదు.

ఖైదీల శరీరాల మీద లోకం యింకో విద్య కూడా నేర్చింది. 1897 జనవరిలో బొంబాయిలో ప్లేగు టీకా కనిపెట్టిన హాఫ్‌కిన్ ముందు తన చేతికే పొడుచుకున్నాడు, అది గొప్పే. తరవాత అదే నెలలో బైకుల్లా జైల్లో సరేనన్న ఖైదీలకి వేశాడు. వేసుకున్నవాళ్ళలో ప్లేగు తగ్గింది. టీకా మంచిదే, ఎందరినో కాపాడింది. కానీ గది తలుపు తాళం ఎదుటివాడి చేతిలో వున్నప్పుడు సరే అన్న మాటకి ఎంత బరువుంటుంది? ఇది మాత్రం ఎప్పటికీ అడగవలసిన ప్రశ్నే.

ఇక మన ఆడవాళ్ళ సంగతి. చట్టం వాళ్ళని మగఖైదీలకి దూరంగా వేరే వుంచమంది. జైలుకి వచ్చినప్పుడు సోదా చెయ్యడం, ఒళ్ళు పరీక్షించడం మేట్రన్ చెయ్యాలంది. డాక్టరు పైనుంచి చెప్పినట్టు ఆవిడ చెయ్యాలి. డాక్టరంటే ఆ రోజుల్లో దాదాపు అన్నిచోట్లా మగవాడే. నెలసరి బాధలు, బాలింత జబ్బులు, చంకన బిడ్డతో జైలుకి వచ్చిన తల్లికి పాలు చాలకపోవడం, యివన్నీ ఆడదానితో కూడా చెప్పుకోవడానికి సిగ్గుపడే కాలం. అవి ఆ రిజిస్టర్లకి ఎంతవరకు ఎక్కి వుంటాయో మీరే చెప్పండి.

1922లో దువ్వూరి సుబ్బమ్మగారు క్షమాపణ చెప్పనని ఏడాది శిక్ష వేయించుకుని రాజమండ్రి జైలుకి వెళ్ళారు. డచ్చివాళ్ళ పాతకోటలో పెట్టిన జైలది. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో దుర్గాబాయమ్మగారు వెల్లూరు జైలుకి, తరవాత మదురైకి వెళ్ళారు. మదురైలో ఒంటరిగదిలో వుంచితే ఆవిడ ఆరోగ్యం బాగా దెబ్బతింది. కానీ వెల్లూరులో ఆవిడకి కనిపించింది తన జబ్బు కాదు, ఏ నేరానికి వచ్చామో, ఎన్నేళ్ళుండాలో కూడా సరిగ్గా తెలియని తోటి ఆడవాళ్ళు. వాళ్ళకోసమే లా చదవాలనుకున్నారు, చదివారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. ఆ సభ ఆడవాళ్ళకి చదువుతోపాటు ఆసుపత్రి కూడా కట్టింది. జైల్లో అడగవలసిన ప్రశ్నలు ఆవిడ బయటికి వచ్చి, బతికున్నవాళ్ళని అడిగారు.

పేరున్న ఖైదీకి ఒక వైద్యం, పేరులేని ఖైదీకి ఒక వైద్యం అన్నది కూడా ఆనాటి మాటే. యెరవాడ జైల్లో వున్న గాంధీగారికి 1924 జనవరి 12 రాత్రి పూనాలోని ససూన్ ఆసుపత్రిలో కర్నల్ మాడాక్ అపెండిసైటిస్ ఆపరేషన్ చేశాడు. మధ్యలో కరెంటు పోతే హరికేన్ లాంతరు వెలుగులో పూర్తి చేశారు. ఆయనకేమైనా అయితే దేశం భగ్గుమంటుందని సర్కారుకి తెలుసు. అదే 1929లో లాహోరు జైల్లో జతీన్ దాస్ 63 రోజులు నిరాహారదీక్ష చేసి సెప్టెంబరు 13న ప్రాణం విడిచాడు. 1933 మే నెలలో అండమాన్ సెల్యులార్ జైల్లో దీక్షలో వున్నవాళ్ళకి గొట్టాలతో బలవంతంగా పాలు పోయించారు. మహావీర్ సింగ్, మోహిత్ మైత్రా, మోహన్ కిషోర్ నామదాస్ ముగ్గురూ ఆ దీక్షలో పోయారు. అన్నం పెట్టే చెయ్యి కూడా ప్రాణం తియ్యగలదని ఆ రోజు తెలిసింది. తేడా అంతా ఎవరి కోసం పెడుతున్నారన్న దాంట్లో వుంది.

మా నిజాం రాజ్యం సంగతి చెప్పకుండా ముగిస్తే ఖానాపూర్‌లో నన్ను బతకనివ్వరు. హైదరాబాద్‌లో 1846లోనే రెసిడెన్సీ సర్జన్ మాక్లీన్ వైద్య పాఠశాల పెట్టించాడు. పాఠాలు ఉర్దూలో. తెల్లదొర కాక మనవాడే, మన మాటలోనే రోగం అడిగే హకీములు అక్కణ్ణించి వచ్చారు. 1876లో చంచల్‌గూడ జైలు, 1886లో వరంగల్ జైలు లేచాయి. వరంగల్ జైల్లో ఖైదీలు నేసిన తివాచీలకి మంచి పేరుండేది. పెళ్ళిళ్ళలో పరిచిన తివాచీ అంచు చూసి మురిసిపోయినవాళ్ళలో ఎందరికి ఆ నూలు దుమ్ము మింగిన వూపిరితిత్తులు గుర్తొచ్చి వుంటాయి?

నిజాం మీద పోరాటంలో దాశరథిగారు, వట్టికోట ఆళ్వారుస్వామిగారు ఇందూరు ఖిల్లా జైల్లో కలిసి వున్నారు. పళ్ళు తోముకోవడానికి యిచ్చిన బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారని తెలంగాణమంతా చెప్పుకుంటుంది. దంతాల శుభ్రానికిచ్చిన బొగ్గు అలా మనసుకి మందయింది. ఆళ్వారుస్వామిగారు తరవాత 'జైలు లోపల' అని కథల పుస్తకమే రాశారు. దొంగలు, హంతకులు అని లోకం విసిరేసిన మనుషుల దగ్గర కూర్చుని, ఎక్కడివాడివి, యింట్లో ఎవరున్నారు, ఎందుకిలా జరిగిందని అడిగి రాసిన కథలు. ఏ డాక్టరూ కాని మనిషి, అమ్మలాగ అడిగాడు.

వరంగల్ జైలు యిప్పుడు లేదు. 2021లో ఖైదీలని వేరే జైళ్ళకి తరలించి, నూటముప్పై అయిదేళ్ళ ఆ గోడలు పడగొట్టారు. ఆ ఏడు జూన్‌లో అదే నేల మీద పెద్దాసుపత్రికి శంకుస్థాపన చేశారు. పాత జైలు కూల్చడం మంచిదా కాదా అని అప్పట్లో వాదాలు జరిగాయి. ఆ వాదాల జోలికి నేను వెళ్ళను. ఒక్క మాట మాత్రం చెప్పాలనిపిస్తుంది. గోడలు మార్చినంత మాత్రాన జైలు ఆసుపత్రి కాదు. ఆసుపత్రిలో కూడా నర్సమ్మ విసుక్కుంటే, వార్డుబాయ్ చెయ్యి చాపితే, పేదవాడి కబురు డాక్టరు దాకా పోకపోతే, అది జైలే. జైల్లో కూడా ఒక మనిషి పక్కన కూర్చుని, ఎప్పట్నించి నాయనా యిలా వుందని అడిగితే, ఆ కాసేపు అది ఆసుపత్రే.

1894 నాటి ఆ రిజిస్టరు గీసినవాళ్ళకి ఏ ప్రశ్నలు వెయ్యాలో తెలుసు. తెలియక కాదు అన్ని వేలమంది పోయింది. మొదటి పేజీలో వుండవలసిన ప్రశ్నల్ని ఆఖరి పేజీలో వేశారు, అంతే.